తోటి విద్యార్థి చలానాల మీద రాసిన వ్యాసానికి సమీక్ష ఎలా రాయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ డిగ్రీ తరగతిలో ట్రాఫిక్ పోలీసుల తనిఖీలు, చలానాల మీద అభిప్రాయ వ్యాసం రాయించి, ఒకరి కాగితం ఒకరికి ఇచ్చి సమీక్ష రాయమన్నారు. మీ చేతికి వచ్చిన వ్యాసం పోలీసులను ఏకపక్షంగా తిట్టిపోసింది, రాసినది మీ స్నేహితుడే. "బాగుంది" అంటే అబద్ధమవుతుంది, "నేను ఒప్పుకోను" అంటే గొడవవుతుంది. పైగా మార్కులు కూడా మీరే సూచించాలి.

నేను ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తాను. ఇదే అంశం ఇచ్చి విద్యార్థుల చేత ఒకరి వ్యాసాలు ఒకరికి చదివించడం కొన్నేళ్లుగా అలవాటు. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ వ్యాసంలోని అభిప్రాయాన్ని మీరు ఒప్పుకుంటారా లేదా అన్నది మీ సమీక్షకు అవసరమే లేదు. వ్యాసం ఎవరిని తప్పుపడుతోందో ఆ మనిషే దాన్ని చదువుతున్నాడనుకోండి. అతను ఏ వాక్యం దగ్గరికి వచ్చేసరికి "ఇతనికి సంగతి తెలియదు" అనుకుని కాగితం పక్కన పెట్టేస్తాడో, ఆ వాక్యం కింద గీత గీసి, ఎందుకు పెట్టేస్తాడో రెండు మూడు వాక్యాల్లో రాయండి. వ్యాసం పోలీసుల మీదైతే ఎండలో కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్‌గా చదవాలి, పోలీసులను వెనకేసుకొచ్చేదైతే పెండింగ్ చలానాలు కట్టలేక సందుల్లోంచి బండి తిప్పుకుపోయేవాడిగా చదవాలి.

మిగతా అంశాలకు ఇంత జాగ్రత్త అక్కరలేదు. చెట్ల పెంపకం మీద వ్యాసం రాయిస్తే తరగతిలో ఎవరికీ కోపం రాదు. చలానాల మాట ఎత్తితే సగం మందికి సొంత కథ ఉంటుంది, ఇద్దరు ముగ్గురికి ఇంట్లో పోలీసు శాఖలో పనిచేసేవారు ఉంటారు. అందువల్ల సమీక్ష భుజం తట్టడంగానో, కొట్లాటగానో మారుతుంది. ఈ రెండూ రాసినవారికి ఏ విధంగానూ పనికిరావు.

ఒక విద్యార్థి ఇలా రాశాడు: "పోలీసులు చెట్టు చాటున నిలబడి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసేది ప్రజల ప్రాణాల కోసం కాదు, ఖజానా నింపడానికే." ఆ కాగితం మొదట చదివిన అబ్బాయి అంచున "కరెక్ట్ రా, నాకూ ఇలాగే పడింది" అని రాశాడు. తర్వాత అది ఒక అమ్మాయి చేతికి వెళ్లింది. ఆమె రాసింది ఇది: "చాటున నిలబడి తీయడం నిబంధనలకు విరుద్ధం అంటున్నావా, లేక నిబంధన ఒప్పుకున్నా అది అన్యాయం అంటున్నావా? నేను ఆ కానిస్టేబుల్‌నైతే, 'అదంతా సరే, హెల్మెట్ పెట్టుకున్నావా లేదా?' అని అడుగుతాను. నీ వ్యాసంలో దానికి జవాబు లేదు."

ఆ ప్రశ్న అతన్ని గ్రంథాలయానికి పంపింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఎ అనే నిబంధన ఉందని, ఎలక్ట్రానిక్ పరికరాలతో నిఘా పెట్టే రహదారి భాగానికి ముందే స్పష్టంగా కనిపించే హెచ్చరిక బోర్డులు ఉండాలని, ఉల్లంఘన జరిగిన పదిహేను రోజుల్లోగా నోటీసు పంపాలని, కేసు ముగిసేవరకు ఆ రికార్డును భద్రపరచాలని అందులో ఉందని తెలుసుకున్నాడు. స్పీడ్ కెమెరా, సీసీటీవీ, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే కెమెరా వంటివి ఆ పరికరాల జాబితాలో ఉన్నాయి. సెల్‌ఫోను అన్న మాట అందులో లేదు గానీ, రాష్ట్ర ప్రభుత్వం పేర్కొనే ఇతర సాంకేతికతకు చోటు ఉంది. ఈ చివరి సంగతి తన వాదనకు అడ్డొస్తుందని తెలిసినా అతను దాన్ని దాచలేదు. సవరించిన వ్యాసంలో అతని వాదన వేరే దారి పట్టింది. బోర్డు చూసినవాడు అక్కడికక్కడే వేగం తగ్గిస్తాడని, చాటుగా తీసిన ఫొటో సంగతి మాత్రం సందేశం వచ్చాకే తెలుస్తుందని, ప్రాణాలు కాపాడడమే ఉద్దేశమైతే కనబడేలా నిలబడడమే మేలని రాశాడు. ఖజానా మాట తనే కొట్టేశాడు. అతని అభిప్రాయం మారలేదు, కానీ ఇప్పుడు కానిస్టేబుల్ కూడా దానికి జవాబు చెప్పక తప్పదు.

రెండో వైపు నుంచి ఒక ఉదాహరణ. తండ్రి ట్రాఫిక్ విభాగంలో హోంగార్డుగా పనిచేసే ఒక విద్యార్థిని, పొగలో, హారన్ల మోతలో ఆయన పడే శ్రమను కళ్లకు కట్టినట్టు రాసి, "ఇంత కష్టపడేవారు వేసే చలానాను ప్రశ్నించడం కృతఘ్నత" అని ముగించింది. చదివినవారెవరికీ ఆ వాక్యాన్ని తాకడానికి చేతులు రాలేదు, నాకూ అది సున్నితమైన చోటేననిపించింది. చివరికి పక్క బెంచీ అబ్బాయి ఇలా రాశాడు: "మీ నాన్నగారి కష్టం చదివాక సిగ్నల్ దగ్గర నిలబడేవారిని నేను వేరుగా చూస్తాను. కానీ కష్టపడేవారు కూడా ఒక్కోసారి నంబరు తప్పుగా రాసుకోవచ్చు కదా. నా బండి ఇంట్లో ఉన్న రోజున నాకు చలానా వస్తే నేను ఎవరిని అడగాలి?" మొదటి వాక్యం మర్యాద కోసం రాసినది కాదు, ఆ వ్యాసం అతని మీద నిజంగా ఏ పని చేసిందో చెప్పింది, అందుకే రెండోది ఆ అమ్మాయిని నొప్పించలేదు. ముందు పొగిడి తర్వాత విమర్శించండి అని చాలామంది నేర్పుతారు. నాకు ఆ సూత్రం మీద పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే ఉత్తుత్తి పొగడ్తను విద్యార్థులు ఇట్టే పసిగడతారు.

అంకెలు కనిపించిన చోట ఇంకొంచెం నిదానంగా చదవండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని, వారిలో హెల్మెట్ ధరించని ద్విచక్ర వాహనదారులు, వెనక కూర్చున్నవారు కలిపి 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. పోలీసులను సమర్థించే వ్యాసాల్లో ఈ రెండో అంకె తరచు వస్తుంది, దాని వెంటనే "కాబట్టి తనిఖీలు పెంచాలి" అన్న వాక్యమూ వస్తుంది. మధ్యలో ఒక మెట్టు లేదు. చనిపోయినవారిలో ఎంతమందికి హెల్మెట్ లేదో ఆ అంకె చెబుతుంది, హెల్మెట్ ఉంటే ఎంతమంది బతికేవారో చెప్పదు, రోడ్డు మీద ఆపడం వల్ల ఎంతమంది పెట్టుకోవడం మొదలుపెట్టారో అసలే చెప్పదు. "ఈ మెట్టు ఎక్కడ?" అని అడగడమే మీ పని. దాన్ని పూరించడం రాసినవారి పని.

జరిమానా మొత్తాల విషయంలోనూ అంతే. మోటారు వాహనాల చట్టానికి చేసిన, 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో 194డి సెక్షన్ కింద హెల్మెట్ లేనివారికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అని చట్టంలో ఉంది. అయితే కోర్టుకు వెళ్లకుండా రోడ్డు మీదే కట్టించుకునే రాజీ రుసుమును రాష్ట్రాలు 200వ సెక్షన్ కింద నిర్ణయిస్తాయి గనుక అన్నిచోట్లా అదే మొత్తం ఉండదు. "వేలకు వేలు గుంజుతున్నారు" అని రాసి ఉంటే, ఏ రాష్ట్రంలో, ఏ ఉల్లంఘనకు, ఎంత అని పక్కన రాయండి చాలు. "పోలీసులు హెల్మెట్ లేకుండా తిరిగినా అడిగేవారు లేరు" అన్న వాక్యం కూడా దాదాపు ప్రతి కట్టలోనూ ఉంటుంది. చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవారే ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు అని 210బి సెక్షన్ చెబుతుందని గుర్తు చేస్తే, చట్టం లేదన్న ఫిర్యాదు కాస్తా చట్టం ఉన్నా అమలు కావడం లేదన్న ఫిర్యాదుగా మారుతుంది. రెండోది రుజువు చేయడం కష్టం, కానీ రాయదగినది అదే.

నిజంగా ఇరుపక్షాలకూ బలమున్న చోట దొరికితే మీ స్నేహితుడిని అటు నడిపించండి. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాలకు రాయితీ ప్రకటించి ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. వెంటనే పూర్తిగా కట్టినవాడికి ఇది అన్యాయమా? కట్టలేక ఆగిపోయినవాడికి ఊరటా? రాయితీ వస్తుందని తెలిశాక తర్వాతి చలానాకు భయం ఉంటుందా? నా తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు, అప్పటిదాకా ఒకే జట్టుగా ఉన్నవారు కూడా చీలిపోయారు. వ్యాసాలు ఆ రోజు తర్వాతే చదవదగ్గవిగా తయారయ్యాయి.

లంచం ఆరోపణ ఉంటే ఒక జాగ్రత్త చెప్పండి. "నా దగ్గర రసీదు లేకుండా డబ్బు తీసుకున్నారు" అని తన అనుభవంగా రాయవచ్చు. ఫలానా ఎస్సై అని పేరు రాస్తే, రుజువు చేయలేని పక్షంలో పరువునష్టం కింద చిక్కులు రావచ్చు. పైగా పేరు తీసేసినా వాదనకు నష్టమేమీ ఉండదు. ఫిర్యాదు చేయదలచుకుంటే అది పై అధికారికి రాతపూర్వకంగా వెళ్లాలి, తరగతి వ్యాసం దానికి చోటు కాదు.

అక్షరదోషాలు మీరు దిద్దనక్కరలేదు, అది మా పని.

ఇక మార్కులు. అభిప్రాయానికి మార్కులు వేయకండి. కానిస్టేబుల్ కాగితం పక్కన పెట్టే వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూసి, వాటిలో ఎన్నింటికి ఆధారం గానీ జవాబు గానీ వ్యాసంలోనే ఉందో చూసి వేయండి, ఆ లెక్కను సమీక్ష కింద రాసి చూపించండి. మీ స్నేహితుడు ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోనీయండి. సమీక్షను పాటించి తీరాలని ఎవరూ అనరు, కానీ ఎందుకు పాటించడం లేదో అతన్ని ఒక వాక్యంలో రాయమని మీ అధ్యాపకులను అడగండి. నేను అలాగే చేయిస్తాను, చాలాసార్లు ఆ ఒక్క వాక్యమే సవరించిన వ్యాసంలో కొత్త పేరాగా వచ్చి చేరుతుంది.