పేరు చిరిగిపోయిన పత్రిక

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. ఇల్లు సర్దుతుంటే మా తాత ట్రంకుపెట్టెలో పాత పత్రిక ముక్క ఒకటి దొరికింది. ఆయన రాసిన సీస పద్యం అందులో అచ్చయింది. పత్రిక పేరున్న పైభాగం చిరిగిపోయి, "సంపుటము 1, సంచిక 22, దుందుభి, మాఘ" అన్నంతవరకే మిగిలింది. ఇంట్లో అందరూ గోలకొండ పత్రికే అంటున్నారు. నిజమేనా? పూర్తి సంచిక ఎక్కడైనా దొరుకుతుందా?

జవాబు: గోలకొండ పత్రిక కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారు దాన్ని మొదలుపెట్టింది 1926 మే 10న, మీ ముక్క దానికంటే మూడేళ్లు పెద్దది. దుందుభి అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది కదా, 1922-23లో వచ్చింది, మళ్లీ 1982-83లో. మీ తాత కాలమంటే మొదటిదే. ఇక మాఘం. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు, ఉగాది 1922లో వచ్చింది కాబట్టి ఏడాది మొత్తాన్నీ 1922 కిందే రాసుకుంటారు, మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. మీది 1923 జనవరి రెండో సగమో, ఫిబ్రవరి మొదటి సగమో.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. వారపత్రిక అయి, ఒక్క వారమూ తప్పకుండా వచ్చి ఉంటే 22వ సంచిక నుంచి మొదటిదానికి 21 వారాలు. అంటే 1922 ఆగస్టు చివరో, సెప్టెంబరో. ఆ ఆగస్టులోనే నిజాం రాజ్యంలో రెండు తెలుగు వారపత్రికలు పుట్టాయి. ఒకటి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండ నుంచి నడిపిన "నీలగిరి", రెండోది ఒద్దిరాజు సోదరులు ఓరుగల్లు జిల్లా ఇనుగుర్తిలో సొంత ప్రెస్సు పెట్టుకుని తెచ్చిన "తెనుగు". ఒక పల్లెటూళ్లో ప్రెస్సు పెట్టి, అక్కడే అచ్చేసి వారం వారం పత్రిక తేవడం అంటే ఆ రోజుల్లో ఎంత తెగింపో ఆలోచించండి, నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మీ జిల్లాను బట్టి నేను నీలగిరి వైపే మొగ్గుతాను, కానీ పందెం కాయను.

రెండూ ఎక్కువ ఏళ్లు నడవలేదు కాబట్టి నేరుగా ఆ సంచిక కోసమే పరుగెత్తితే నిరాశే మిగలొచ్చు. ముందు హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికీ (1901లో పెట్టింది), హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికీ వెళ్లండి. పత్రిక పేరు చెప్పి "ఉందా?" అంటే "లేదు" అనేస్తారు, ఆ మాట విని తిరిగొచ్చేయకండి. 1920ల నాటి బైండ్లు ఏమున్నాయో చూపించమని అడగండి. ఒక ఊళ్లో (పేరెందుకులెండి) నేను రెండు రోజులు తిరిగి వెతికిన పత్రిక, వేరే పత్రిక పేరు రాసిన అట్ట లోపల కుట్టేసి ఉంది!

అసలు సంచిక దొరక్కపోయినా దాని ఆనవాళ్లు తోటి పత్రికల్లో దొరుకుతాయి. అప్పటికే బందరు నుంచి కృష్ణాపత్రిక, మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక వస్తున్నాయి. వీటి పాత సంచికల్ని ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. అవి ఫొటోల్లాంటివి, తాత పేరు టైప్ చేస్తే దొరకదు, తేదీ పట్టుకుని పేజీ పేజీ తిప్పాల్సిందే.

ఇంట్లోవాళ్లు గోలకొండ అనడం వెనకా ఏదో ఉండొచ్చు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరంవారు 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. అందులో మీ తాత పేరుందేమో చూడండి, ఇది సులువైన పని, ముందు ఇదే చేయండి.

ఇంకో మాట. మీరు ముక్క ముందువైపు గురించే రాశారు, వెనకవైపు ఏముంది? అక్కడ ఒక సభ వార్తో, కొట్టు ప్రకటనో ఉంటే ఏ ఊరి పత్రికో అదే చెప్పేస్తుంది. రెండు వైపులా పగటి వెలుతురులో ఫొటో తీసి పంపండి. చిరిగిన చోట సెల్లో టేప్ మాత్రం అంటించకండి.