పగడపు దిబ్బల చేపలు కొనడం తప్పా? దిగుమతి గదిలో ఆరేళ్లు పనిచేసిన అనుభవంతో నా సమాధానం

మీరు కొత్తగా సముద్రపు నీటి అక్వేరియం పెట్టుకోబోతున్నారు. పగడపు దిబ్బల్లో పట్టి తెచ్చిన చేపలను కొంటే సముద్రానికి కీడు చేసినట్టేనా, ట్యాంకుల్లో పుట్టి పెరిగిన చేపలనే కొనాలా అని అడిగారు. నేను ఆరేళ్లపాటు సముద్రపు చేపలను దిగుమతి చేసుకునే ఒక సంస్థలో, వచ్చిన సంచులు విప్పి చేపలను ట్యాంకుల్లోకి మార్చే పని చేశాను. సముద్రంలో పట్టినంత మాత్రాన తప్పు కాదని నా అభిప్రాయం. ఏ జాతిని పట్టారు, ఎలా పట్టారు అన్నవి తప్పక అడగవలసిన ప్రశ్నలే కాని, వాటితో పాటు దారిలో ఎన్ని చనిపోయాయన్నది కూడా అడగాలి. పదింటిలో నాలుగు దారిలోనే పోతుంటే, ఆరు చేపలు అమ్మడానికి దిబ్బ నుంచి పది తీయవలసి వస్తుంది. ఆ నాలుగింటి లెక్క దుకాణంలో ఎవరికీ కనిపించదు.

థర్మోకోల్ పెట్టెలు మాకు తెల్లవారుజామున వచ్చేవి. ఒక్కో చేపకు ఒక్కో సంచి, అడుగున కొద్దిపాటి నీరు, పైనంతా ఆక్సిజన్. ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు చేప తాను విడిచిన మలినంలోనే ఉండేది. సంచి మూసి ఉన్నంతసేపు అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) తగ్గిస్తుంది కాబట్టి ఆ మలినంలోని అమ్మోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి, పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషంగా మారి మొప్పలను దెబ్బతీస్తుంది. ఈ సంగతి తెలియని తొలి రోజుల్లో, చేపకు మేలు చేస్తున్నానని నమ్మి, విప్పిన సంచిలోకే గంటసేపు చుక్కచుక్కగా కొత్త నీరు వదిలేవాడిని. ఒక ఉదయం నా కళ్లముందే రెండు చిన్న ఏంజెల్ చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరిచి రొప్పుతూ పోయాయి. ఉప్పదనాన్నీ వేడినీ ముందే సరిచేసి ఉంచిన శుభ్రమైన నీటిలోకి వెంటనే మార్చాలని తర్వాత నేర్చుకున్నాను. ఆ రెండు చేపలను తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే వాటికి బదులు మరో రెండు సముద్రం నుంచే వచ్చాయి.

పట్టే పద్ధతి విషయానికి వస్తే, సైనైడ్ వాడకం 1960ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లో అక్వేరియం చేపల కోసమే మొదలై, తర్వాత ఇండోనేషియాకూ పాకింది. రెండు దేశాల్లోనూ అది నేరం. సైనైడ్ బిళ్లలు కరిగించిన నీటిని సీసాతో పగడాల సందుల్లోకి చిమ్మితే చేప స్పృహ తప్పుతుంది. చుట్టూ ఉన్న పగడం దెబ్బతింటుంది, లోపల చిక్కుకున్న చేపను తీయడానికి ఆ పగడాన్నే విరగ్గొడతారు. అలా పట్టిన చేపను చూపుతో గుర్తుపట్టడం చాలా కష్టం. మా సరఫరాదారుల్లో ఒకరి నుంచి వచ్చిన ఏంజెల్ చేపలు మెరిసే రంగులతో, చక్కగా మేత తింటూ కనిపించి, రెండో వారంలో ఒకదాని తర్వాత ఒకటి చనిపోయేవి. వలతో పట్టించే మరొకరి దగ్గరి అదే జాతి చేపలు నెలల తరబడి నిలిచేవి. సైనైడ్ అని నేను రుజువు చేయలేకపోయాను, కాని పద్నాలుగో రోజుకు ఎన్ని బతికి ఉన్నాయో ప్రతి సరఫరాదారుకూ వేరువేరుగా రాసిపెట్టిన నా నోటుపుస్తకంలో ఆ తేడా ప్రతి నెలా కనిపించేది.

వలతో పట్టినంత మాత్రాన అంతా సవ్యంగా జరిగినట్టు కాదు. ఇరవై మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం కన్నా మూడు రెట్లు ఉంటుంది, అందుచేత చేపను ఒక్కసారిగా పైకి తెస్తే దాని గాలితిత్తిలోని వాయువు మూడు రెట్లు ఉబ్బుతుంది. పొట్ట ఉబ్బి, తల కిందికి వేలాడుతూ, ఎంత ఈదినా అడుక్కు చేరలేని చేపలు మా ట్యాంకుల్లోకి వచ్చేవి. ఓపికగల డైవర్లు మధ్యమధ్యలో ఆగుతూ పైకి వస్తారు, లేదా శుభ్రమైన సూదితో ఆ వాయువును తీస్తారు. ఆ ఓపికకు తగిన ధర ఇవ్వకుండా, బతికి చేరిన చేపకే డబ్బిచ్చి, చచ్చినవాటి నష్టమంతా డైవరు మీద వేస్తే, అతడు కావలసినదానికన్నా ఎక్కువే పడతాడు. ఈ తప్పు డైవరుది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

జాతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేడా ఇక్కడే ఎక్కువ. యెల్లో టాంగ్ అనే పసుపు రంగు చేప గుడ్లు, పిల్లలు నీటి ప్రవాహాల్లో కొట్టుకుపోయి దూరపు దిబ్బలకూ చేరతాయి. వ్యాపారానికి కావలసింది చిన్న చేపలే, పెద్దవి దిబ్బ మీదే ఉండి దశాబ్దాలపాటు గుడ్లు పెడతాయి. హవాయి పశ్చిమ తీరంలో 1999 చివరి నుంచి సుమారు మూడో వంతు తీరాన్ని అక్వేరియం చేపలు పట్టకుండా మూసివేస్తే, ఆ చోట్ల వాటి సంఖ్య పెరిగింది. 2014లో అక్కడ పట్టదగిన జాతులను నలభైకి పరిమితం చేశారు, 2017లో కోర్టు తీర్పుతో అక్కడ అక్వేరియం కోసం చేపలు పట్టడమే ఆగిపోయింది. బంగ్గాయ్ కార్డినల్ దీనికి పూర్తి భిన్నం. ఇండోనేషియాలోని బంగ్గాయ్ దీవుల వద్ద తప్ప సహజంగా మరెక్కడా లేని ఈ చేపలో మగది కొద్దిపాటి గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోకుండా పుట్టినచోటే ఉండిపోతాయి. ఒక దీవి దగ్గర ఊడ్చేస్తే పక్క దీవి నుంచి వచ్చి నింపేవి ఉండవు. 2007లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐయూసీఎన్ దీనిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. ట్యాంకుల్లో ఇదీ, నారింజ, తెలుపు చారల క్లౌన్‌ఫిష్ కూడా సులభంగా పిల్లలు పెడతాయి కాబట్టి, ఈ రెండింటిలో సముద్రంలో పట్టినవి కొనడానికి ఏ కారణమూ లేదు.

ఇక ఇంటికి తెచ్చినా బతకనివి కొన్ని ఉన్నాయి. పగడపు జీవులను మాత్రమే తినే కొన్ని బటర్‌ఫ్లై చేపలు, ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని బతికే క్లీనర్ రాస్ చాలావరకు ఆకలితోనే పోతాయి. అవి వస్తే మా ట్యాంకుల్లో కూడా నిలబెట్టలేకపోయేవాళ్లం.

ట్యాంకుల్లో పెంచినవే కొనమని అందరికీ చెప్పలేకపోవడానికి నాకొక కారణం ఉంది. దిబ్బ మీద బతికే కుటుంబాలకు అది ఆదాయం ఇచ్చినంతకాలమే దానిని కాపాడుకోవడానికి వారికి బలమైన కారణం ఉంటుంది. బాలి ఉత్తర తీరంలోని లెస్ గ్రామంలో ఒకప్పుడు సైనైడ్ వాడిన డైవర్లు వలలకు మారి, తాము పాడుచేసిన దిబ్బ మీద పగడాలను తిరిగి నాటే పని చేపట్టారు. వారి చేపను కొనడం నాకు తప్పుగా కనిపించదు.

కాబట్టి దుకాణంలో చేపను చూపించినప్పుడు అది ఏ దేశం నుంచి, ఏ పద్ధతిలో, ఏ తేదీన వచ్చిందో అడగండి. వచ్చి రెండు వారాలు కాలేదంటే బయానా ఇచ్చి అక్కడే ఉంచమనండి. రెండు వారాల తర్వాత వెళ్లి, మీ ముందే మేత వేయించి, అది పోటీపడి తింటేనే ఇంటికి తెచ్చుకోండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే దుకాణం నుంచి నేనైతే ఏమీ కొనను.