ముందు బ్యాటరీ రూమ్ చూడు

అమ్మాయీ,

పవర్ స్టేషన్‌లో నిన్ను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో వేశారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. జనరేటర్ పక్కన నిలబడితే ఒళ్లు పులకరించిందని రాశావు. అన్ని టన్నుల రోటర్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఎవరికైనా అంతే. అయితే ఆ ముచ్చట తీరాక బ్యాటరీ రూమ్‌కి వెళ్లు. కొత్తవాళ్లెవరూ అటు తొంగి చూడరు. నేనూ చూడలేదు.

స్టేషన్‌లో ఏసీ కరెంటు మొత్తం పోయిన క్షణంలో మనకి దిక్కు ఆ బ్యాటరీలిచ్చే 220 వోల్టుల డీసీయే. లోపం వస్తే సర్క్యూట్‌ని తెంచే బ్రేకర్ తెరుచుకోవాలంటే దాని ట్రిప్ కాయిల్‌కి కరెంటు అక్కణ్నించే రావాలి. టర్బైన్ వేగం తగ్గి ఆగేదాకా బేరింగులకి నూనె అందించే ఎమర్జెన్సీ పంపుకీ అదే ఆధారం. హైడ్రోజన్‌తో చల్లబరిచే జనరేటర్ అయితే షాఫ్ట్ దగ్గర గ్యాస్ బయటికి రాకుండా ఆపే సీల్ ఆయిల్ పంపుకీ అదే. గాలిలో 4 శాతం కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది, మర్చిపోకు.

ఛార్జర్ మీటర్ చూసి బ్యాటరీ బాగుందనుకోకు. ఫ్లోట్‌లో, అంటే ఛార్జర్‌కి తగిలించి ఉన్నంతసేపు, నీరసించిన సెల్ కూడా దర్జాగానే కనిపిస్తుంది, దాని సంగతి లోడ్ పడ్డాకే తెలుస్తుంది. లోడ్ పెట్టి బ్యాటరీ సత్తా చూసే డిశ్చార్జ్ టెస్ట్ ఎప్పుడు చేశారో, అప్పుడు ఏ సెల్ వోల్టేజీ ముందు జారిందో పాత రిజిస్టర్‌లో వెతుకు.

ఇక డీసీ ఎర్త్ అలారం, అంటే డీసీ వైరు ఎక్కడో నేలకి తగిలిందని చెప్పేది. దీన్ని తేలిగ్గా తీసుకుని నేను దెబ్బతిన్నాను. వానాకాలం, నైట్ షిఫ్ట్. మీటర్‌లో పాజిటివ్‌కీ ఎర్త్‌కీ మధ్య, నెగటివ్‌కీ ఎర్త్‌కీ మధ్య చెరో 110 వోల్టులు చూపించాలి. ఆ రాత్రి పాజిటివ్ వైపు దాదాపు సున్నా, నెగటివ్ వైపు 220. ఎక్కడో పాజిటివ్ వైరు నేలకి తగిలిందన్నమాట. ఒక్క చోట తగిలితే ఏమీ కాదు, అన్నీ మామూలుగానే నడుస్తాయి. అందుకే అలారం మోత ఆపేసి, పొద్దున జనరల్ షిఫ్ట్ వాళ్లు చూస్తారులే అనుకున్నాను. తెల్లవారుజామున యూనిట్ ట్రిప్పయి ఆగిపోయింది. ఏ రిలే పనిచేసిందో చూపే ఫ్లాగ్ చూస్తే బుకోల్జ్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోపాన్ని పట్టే రిలే! తీరా చూస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏ రోగమూ లేదు. ఆ రిలే వైర్లు కలిసే జంక్షన్ బాక్స్ మూతకి ఒక బోల్టు లేదు, నీళ్లు దిగాయి, ట్రిప్ ఆర్డరు మోసే వైరు కూడా ఎర్త్ అయింది. రెండు ఎర్త్‌లూ నేల మీదుగా కలిసి కాంటాక్ట్ మూసుకున్నట్టే చేశాయి. ఇంకో చోట తగిలుంటే ఫ్యూజ్ పోయి, నిజంగా ట్రిప్ కావాల్సిన రోజున బ్రేకర్ కదిలేది కాదేమో. నాకు ఇప్పటికీ దడ పుట్టించేది, బ్రేకర్ కదలకపోవడమనే ఆ రెండోదే.

కాబట్టి మొదటి ఎర్త్‌నే పట్టుకో. ముందు బయట వానలో తడిసే బాక్సులు, లిమిట్ స్విచ్‌లు, కేబుల్ గ్లాండ్లు చూడు. డీసీ తీసుకెళ్లే ఫీడర్లు ఒక్కొక్కటీ ఆపి వెతకాల్సి వస్తే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పకుండా చేయి పెట్టకు. యూనిట్ నడుస్తుండగా రిలేలుండే ప్రొటెక్షన్ ప్యానెల్ డీసీ తీశావంటే కళ్లకు గంతలు కట్టి నడిపినట్టే.

ట్రిప్ అయినప్పుడు అందరూ నీ మీద పడి "రీసెట్ చెయ్, రీసెట్ చెయ్" అంటారు. ముందు ఫ్లాగులన్నీ రాసుకో, ఫోటో తియ్యి. ఒకసారి రీసెట్ చేశాక వాటిని ఎవరూ తిరిగి తేలేరు.

కరెంటు తీశాం, పని చేసుకోమనే పర్మిట్ చేతికొచ్చినా టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట చూడు, తర్వాత నీ పని చోట, మళ్లీ కరెంటున్న చోట. ఆపైన దాన్ని నేలకి కలిపి ఎర్త్ వేశాకే చేయి పెట్టు. నడుస్తున్న సీటీ, అంటే కరెంటు కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ వైర్లు మాత్రం ఎంత తొందరైనా ఓపెన్ చేయకు.

రేపు డ్యూటీ ఎక్కగానే ఆ డీసీ రీడింగులు రెండూ చూసి, వచ్చే ఉత్తరంలో నాకు రాయి.

నీ పెదనాన్న