మొదట చక్రం ఎలా కదులుతుందో రాయండి

ప్రియ మిత్రులకు,

రెండో ప్రపంచ యుద్ధకాలపు సైనిక మోటార్‌సైకిళ్ల మీద మీరు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. అయితే "బీఎండబ్ల్యూ ఆర్‌75 వెనక సస్పెన్షన్ ఎడారి గతుకులను మింగేసింది" అన్న వాక్యం దగ్గర నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆ బండికి వెనక సస్పెన్షనే లేదు. ముందు టెలిస్కోపిక్ ఫోర్కు (ఒకదానిలో ఒకటి జారే గొట్టాల సస్పెన్షన్) ఉంది గాని, వెనక ఇరుసును నేరుగా ఫ్రేముకే బిగించారు. గతుకు దెబ్బను కాచుకోవలసినవి టైరులోని గాలి, సీటు స్ప్రింగు మాత్రమే. అమెరికన్ల హార్లే డబ్ల్యూఎల్ఏ, బ్రిటిష్ వారి నార్టన్ 16హెచ్ కూడా వెనక అంత బిరుసైనవే.

మీ మనసులో ఉన్నది ప్లంజర్ అనే పాతకాలపు వెనక సస్పెన్షన్ అయితే 1938 నాటి బీఎండబ్ల్యూ ఆర్‌71తో మొదలుపెట్టండి. సోవియట్ల ఎం-72, అమెరికా సైన్యం కోసం చేసిన హార్లే ఎక్స్ఏ దాని నమూనాలోనే వచ్చాయి. చక్రానికి ఇరుపక్కలా ఫ్రేములో నిలువుగా ఒక్కో గొట్టం ఉంటుంది. ఇరుసును పట్టుకున్న ముక్క స్ప్రింగు బరువు మోస్తుండగా ఆ గొట్టం మీద పైకీ కిందికీ జారుతుంది. ఆ ప్రయాణం చాలా తక్కువ. ఎం-72లో నూనె డంపరు కూడా లేనందువల్ల, కుదుపు తగిలాక స్ప్రింగు ఊగిసలాటను అణచేది పెద్దగా ఏదీ ఉండదు.

ఏ ముక్క దేని మీద, ఎటు జారుతుందో చెప్పకుండా "అద్భుతం", "విప్లవాత్మకం" అన్న మాటలు రాయకూడదని నా పట్టుదల. నా తొలి రోజుల్లో ఒక వారపత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ కదలికను వివరించిన పేరానే కొట్టేసి, బండి ఫొటోను రెట్టింపు చేసి వేశాడు. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు. ఆ పేరా కోసం నేను విజయవాడలో ఒక పాత మెకానిక్ పక్కన కూర్చునేవాణ్ణి. ప్లంజర్ ఉన్న బీఎస్ఏ అనే బ్రిటిష్ బండిని ఆయన స్టాండు మీద నిలబెట్టి, వెనక టైరు పైభాగం పట్టుకుని అడ్డంగా ఊపి చూపించాడు. గ్రీజు ఎండి, బుష్షులు అరిగి, ఒక పక్క ముక్క రెండో దానికంటే ముందే కదిలేది, చక్రం వాలిపోయేది. మలుపులో ఆ బండి ఎందుకు తడబడేదో అప్పుడే నాకు అర్థమైంది.

మీ వ్యాసంలో అసలే లేనిది చైను సంగతి. ప్లంజర్‌లో చక్రం నిలువు గీతలో కదులుతుంది కాబట్టి గేరుబాక్సుకూ ఇరుసుకూ మధ్య దూరం మారుతూ, చైను ఒకసారి బిగిసి ఒకసారి వదులవుతుంది. చైనుకు బదులు షాఫ్టు ఉన్న ఆర్‌71లో చక్రంతోపాటు వెనక గేరు పెట్టె కూడా లేస్తుంది గనుక షాఫ్టుకు వంగే కీళ్లు తప్పనిసరి. ఈ చిక్కును స్వింగ్ ఆర్మ్ (చక్రాన్ని పట్టుకుని కీలు మీద ఊగే చేయి) చాలా మటుకు తీర్చింది: గేరుబాక్సు వెనకే దాని కీలు ఉండటంతో చక్రం చాపంలా తిరుగుతుంది, చైను పొడవు స్వల్పంగానే మారుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1940ల చివరలో బుల్లెట్‌కు నూనె డంపర్లతో దాన్నే అమర్చింది. 1950లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి కొన్నది ఆ బుల్లెట్‌నే. మన పాఠకుడికి తెలిసిన బండి గనుక, మీ పోలిక అక్కడ నిలవాలి.

కలం పేరు, పారితోషికం గురించి మీరడిగినవి మరోసారి చూద్దాం. ఆర్‌75 వాక్యం తీసేసి, చైను పేరా చేర్చి, ప్లంజర్ బొమ్మ మీ చేత్తోనే గీసి తిరిగి పంపండి.

ఆశీస్సులతో.