ఖాళీ తర్వాత ఏముందో చూడు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్ కోసం పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకుని రాత్రిదాకా చదువుతున్నావని అక్క చెప్పింది. ఇంగ్లిష్‌లో ఖాళీలు నింపే ప్రశ్నల్లో పర్పస్ క్లాజుల దగ్గరే, అంటే పని ఎందుకోసమో చెప్పే వాక్యభాగాల దగ్గరే టెన్షన్ పడుతున్నావట, నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపిస్తున్నాయట. అర్థం చూసి ఎంచుకుంటే అలాగే అనిపిస్తుంది తల్లీ. నాలుగూ 'ఎందుకోసం' అనే చెబుతాయి. తేడా తెలిసేది ఖాళీ తర్వాత ఉన్న మాటల్లో. నీ కళ్లు ముందు అక్కడికి పోవాలి.

అక్కడ ఒట్టి క్రియ ఉంటే టు, ఇన్ ఆర్డర్ టు, సో యాజ్ టు. కర్త, దాని వెంట క్రియ ఉంటే సో దట్, ఇన్ ఆర్డర్ దట్. 'షి గాట్ అప్ అర్లీ' తర్వాత ఖాళీ, ఆపైన 'షి కుడ్ క్యాచ్ ది ఫస్ట్ మెట్రో' అని ఉందనుకో. ఆ రెండో షి కనబడగానే ఇన్ ఆర్డర్ టు కొట్టెయ్. అక్కడే కుడ్ కూడా గమనించు. మొదటి సగం భూతకాలంలో ఉంది కాబట్టి కుడ్, వుడ్, మైట్ రావాలి. వర్తమానంలో ఉంటే కెన్, విల్, మే. వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో తరచూ ఇక్కడే దెబ్బ తగులుతుంది.

లెస్ట్ దగ్గర మాత్రం నిదానించు. 'వాక్ కేర్‌ఫుల్లీ లెస్ట్ యు షుడ్ ఫాల్' అంటే పడిపోకుండా జాగ్రత్తగా నడవమని. ఆ 'కుండా' లెస్ట్‌లోనే ఉంది. అందుకే 'లెస్ట్ యు షుడ్ నాట్ ఫాల్' తప్పు. నాట్ ఉన్న ఆప్షన్ చదవడానికి బాగుంటుంది, చాలామంది దానికే టిక్కు పెట్టేస్తారు. లెస్ట్ తర్వాత షుడ్ గానీ ఒట్టి క్రియ గానీ రావాలి. విల్, వుడ్ కనిపిస్తే వదిలెయ్. నాట్ పెట్టాలనుకుంటే సో యాజ్ నాట్ టు, ఇన్ ఆర్డర్ నాట్ టు ఉన్నాయి.

మనవాళ్లు ఎక్కువగా జారేది ఫర్ దగ్గర. 'ఐ కేమ్ టు హైదరాబాద్ ఫర్ ప్రిపేరింగ్' అని మనం మాట్లాడేస్తాం. పరీక్షలో అది తప్పు, 'టు ప్రిపేర్' కావాలి. 'ఫర్ కోచింగ్' మాత్రం సరైనదే, అక్కడ కోచింగ్ నామవాచకం. వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు కూడా ఫర్ ఐఎన్‌జీ కుదురుతుంది, 'ఎ నైఫ్ ఫర్ కటింగ్ బ్రెడ్' లాగా. విత్ ఎ వ్యూ టు సంగతి దీనికి తలకిందులు: టు ఉన్నా తర్వాత ఐఎన్‌జీయే రావాలి.

'సో టయర్డ్ దట్' లాంటివి ఫలితం చెప్పేవి. వాటిని ఇందులో కలపకు.

సీజీఎల్ మొదటి దశ టైర్-1లో ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, తప్పైతే 0.50 కోత. రెండు ఆప్షన్ల మధ్య ఊగుతుంటే ఒక్కొక్కటీ ఖాళీలో పెట్టి వాక్యం మొత్తం చదువు. ఈసారి మాక్ టెస్టులో తప్పినవి ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, ఆదివారం ఇంటికొస్తే కూర్చుని చూద్దాం.

మీ మావయ్య