కొరింథీ పత్రిక గురించి పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. హాస్టల్లో నీ స్నేహితురాలు బైబిల్లో మొదటి కొరింథీ 7:12 తీసి, ఇది ప్రభువు మాట కాదు నా మాట అని పౌలే అంటున్నాడు కదా, మరి పత్రికలు, అంటే పౌలులాంటి అపొస్తలులు రాసిన ఉత్తరాలు, దేవుని వాక్యం ఎట్లా అవుతాయని అడిగితే నీకు నోట మాట రాలేదట. టెన్షన్ పడకు. నీ వయసులో నేనూ అక్కడే ఆగిపోయాను.

ముందు 10వ వచనం నుంచి చదువు. భార్యాభర్తలు విడిపోవద్దని యేసు తానే చెప్పాడు, మార్కు 10లో ఉంది, అందుకే పౌలు అక్కడ "నేను కాదు, ప్రభువే" అంటాడు. మరి ఇంట్లో ఒక్కరే విశ్వాసి అయితే ఏం చేయాలి? దాని మీద యేసు చెప్పిన మాట సువార్తల్లో లేదు, ఆ చిక్కు కొరింథు సంఘంలో వచ్చింది, కాబట్టి ప్రభువు చెప్పని మాటను ప్రభువు నోట పెట్టకుండా నేను చెబుతున్నానన్నాడు. అంత జాగ్రత్త గల మనిషే అదే పత్రిక 14:37లో, నేను రాసేవి ప్రభువు ఆజ్ఞలని తెలుసుకోండి అంటాడు. ఆమెకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు.

లేఖనమంతా దేవుని వలన కలిగిందనే రెండో తిమోతి 3:16తో మాత్రం మొదలుపెట్టకు. తిమోతి చిన్నప్పటి నుంచి ఎరిగిన లేఖనాలు పాత నిబంధనవి, ఆమె ఆ మాట అంటే నువ్వు మళ్లీ తడబడతావు. దానికంటే రెండో పేతురు 3:15, 16 చూపించు. అంతియొకయలో అందరి ముందు తనను నిలదీసిన పౌలును పేతురు అక్కడ "ప్రియ సహోదరుడు" అని, అతని పత్రికలను తక్కిన లేఖనాల వరుసలో పెట్టాడు, కొన్ని సంగతులు అర్థం కావడం కష్టమని కూడా ఒప్పుకున్నాడు. ఆ పత్రిక పేతురుది కాదనే పండితులున్నారు, ఆమె అడిగితే ఆ సంగతి దాచకు.

రెండో తిమోతి 4:13లో పౌలు, త్రోయ ఊళ్లో వదిలిన అంగీ తెమ్మనడం కూడా దేవుని వాక్యమా అంటుందేమో. నేనైతే అవుననే అంటాను బిడ్డా. చెరలో ఉన్న ముసలాయన, చలికాలం రాకముందే రమ్మని తిమోతిని బతిమాలుతున్నాడు, అట్లాంటి మనిషి చేతి రాతలోనే దేవుడు మాట్లాడాడని నేను నమ్ముతాను.

ఇంకోటి చెప్పాలి. మా సంఘంలో ఒక పెద్దమనిషి, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనే మొదటి కొరింథీ 14:34 చదివి నన్ను అందరి ముందు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు పత్రికలే తెరవలేదు నేను. స్త్రీలు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు ఎట్లా ఉండాలో అదే పత్రిక 11:5లో ఉందని ఎంతో ఆలస్యంగా చూశాను. అధికారం పత్రికది, ఒక్క వచనం విరిచి చేతిలో పట్టుకున్నవాడిది కాదు. నువ్వు కూడా ఆ అమ్మాయి మీద వచనం విసరకు.

పత్రికలు సంఘంలో పైకి చదవడానికి రాసినవి, కొలొస్సయి 4:16 చూడు. ఇద్దరూ పైకే చదవండి. ఫిలేమోను 25 వచనాలే, బస్సు హనుమకొండ నుంచి కాజీపేట చేరేలోపు అయిపోతుంది. సంక్రాంతి సెలవులకు ఆమెను కూడా తీసుకురా, సకినాలు చేస్తాను, మొదటి కొరింథీ 16 అధ్యాయాలూ ముగ్గురం కూర్చుని చదువుదాం.

మీ పెద్దమ్మ