‘రుజువైంది’ అని ఎప్పుడు రాయవచ్చు?

సందేహం: ‘పొగ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని శాస్త్రీయంగా రుజువైంది’ అని మా స్కూలు గోడపత్రికలో రాశాను. తోటి ఉపాధ్యాయుడు ఒకాయన ‘లోకంలో ఏదీ పూర్తిగా రుజువు కాదండీ, ఆ మాట తీసేయండి’ అన్నారు. తర్కశాస్త్రంలో ‘అనుమానం’ జ్ఞానానికి సాధనమని, దాన్ని మనం సందేహం అనే అర్థంలో వాడడం తప్పని కూడా అన్నారు. ఏది సరి?

సమాధానం: రెండో ప్రశ్న ముందు చూద్దాం. మొదటిదానికి దారి అందులోనే ఉంది.

తర్కశాస్త్రానికి మూలమైన గౌతముడి న్యాయదర్శనంలో ప్రమాణాలు, అంటే జ్ఞానానికి సాధనాలు, నాలుగు: ప్రత్యక్షం (స్వయంగా చూసి తెలుసుకోవడం), అనుమానం, ఉపమానం (పోలికను బట్టి తెలుసుకోవడం), శబ్దం (నమ్మదగినవాళ్లు చెప్పిన మాట). కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. సందేహానికి ఆ శాస్త్రంలో ‘సంశయం’ అనే వేరే మాట ఉంది. మన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం, తర్కం మొదలుపెట్టే విద్యార్థికి ఇప్పటికీ తొలి పుస్తకం. అందులో సంశయానికి ఇచ్చిన ఉదాహరణ, ఎదుట కనిపించేది మోడా, మనిషా అని తేల్చుకోలేకపోవడం. కాబట్టి సంస్కృత శాస్త్రం వరకు ఆయన చెప్పింది నిజమే. తెలుగులో మాత్రం ‘అనుమానం పెనుభూతం’ అని ఇంటింటా అనుకునే మాట అది. మన భాషలో స్థిరపడ్డ అర్థాన్ని సంస్కృతంలో లేదని తప్పు పట్టకూడదు.

ఆ అర్థం ఎందుకు మారిందో నాకొక ఊహ ఉంది. చూడనిదాన్ని గుర్తును బట్టి చెప్పేటప్పుడు పొరపాటుకు కొంచెమైనా చోటుంటుంది. పొగమంచును పొగ అనుకోవచ్చు. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందని చెప్పాలంటే అన్ని పొగలనూ చూసిందెవరని, ప్రత్యక్షాన్ని తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని చార్వాకులు అడిగారు. గట్టి ప్రశ్నే అది. ‘అనుమానం’లోని ఆ కాస్త లోటునే తెలుగు పట్టుకుందేమో.

ఇంతకంటే విలువైన సంగతి మన క్రియల్లో ఉంది. అన్నయ్యను కళ్లారా చూస్తే ‘వచ్చాడు’ అంటాం. గుమ్మం దగ్గర చెప్పులు మాత్రమే చూస్తే ‘వచ్చినట్టున్నాడు’. వదిన ఫోన్‌లో చెబితే ‘వచ్చాడట’. బస్సు టైము దాటి గంటయితే ‘ఈపాటికి వచ్చి ఉంటాడు’. అదీ ఇదీ తెలియకపోతే ‘వచ్చాడేమో’. ప్రత్యక్షం, అనుమానం, శబ్దం, సంశయం అన్నీ ఇక్కడే ఉన్నాయి. బడికి వెళ్లని వాళ్లు కూడా వీటిని పొరపాటు లేకుండా వాడతారు. చెప్పులు మాత్రమే చూసినవాడు ‘వచ్చాడు’ అంటే వ్యాకరణ దోషం ఉండదు కానీ, తన దగ్గర లేని ఆధారాన్ని ఉన్నట్టు చెప్పినవాడవుతాడు. ‘వచ్చాడట’లో అబద్ధమన్న సూచన లేదు. ఆ మాటకు పూచీ చెప్పినవాళ్లదేనని మాత్రమే అర్థం. పత్రికల్లో ‘అట’కు పుకారు వాసన ఉందని దాన్ని వదిలి ‘తెలిసింది’ అని రాస్తున్నారు. నన్నడిగితే ఆ రెంటిలో నిజాయితీ గల మాట ‘అట’. ‘తెలిసింది’ అనగానే ఎవరో చెప్పిన మాట కాస్తా జ్ఞానమైపోతుంది.

ఇక ‘రుజువు’. ఏ రంగంలో వాడుతున్నామన్నదాన్ని బట్టి దీని కొలత మారుతుంది. గణితంలో అది చాలా కఠినం. 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమవుతుందన్న ఊహ 1742 నాటిది. 4 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య దాకా కంప్యూటర్లు సరిచూశాయి. అయినా గణితజ్ఞులు దాన్ని రుజువైందనరు. కోర్టులో అంత పట్టింపు లేదు. వివేకం ఉన్న మనిషి నిజమని నమ్మి నడుచుకోదగినంత సంభావ్యత ఉంటే, ఆ సంగతి రుజువైనట్టేనని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ అదే నిర్వచనం. అందులో మూడు స్థితులున్నాయి: రుజువైంది, అబద్ధమని రుజువైంది, రుజువు కాలేదు. మూడోది రెండోది కాదు. నిందితుడిని సంశయలబ్ధి (బెనిఫిట్ ఆఫ్ డౌట్) కింద వదిలిపెట్టిన కేసుకు ‘ఆరోపణ అబద్ధమని తేలింది’ అని శీర్షిక పెడితే, కోర్టు అనని మాటను కోర్టు నోట పెట్టినట్టే.

మరి ‘ఏదీ రుజువు కాదు’ అన్న వాదం? ఇది కొత్తది కాదు. సాతవాహన రాజుకు లేఖ రాశాడని సంప్రదాయం చెప్పే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు ఈ ప్రశ్నను లోతుగా అడిగాడు. ప్రమాణాల వల్ల వస్తువులు సిద్ధిస్తే, ఆ ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? మరో ప్రమాణం వల్ల అంటే దానికి ఇంకొకటి కావాలి, ఇక అంతుండదు. నిప్పు తననూ ఇతర వస్తువులనూ కూడా వెలిగించడం లేదా అని ప్రతివాది అంటే, ఆ పోలికనూ ఆయన ఒప్పుకోలేదు. అయితే ‘ఏదీ రుజువు కాదు’ అనే సిద్ధాంతాన్ని మాత్రం ఆయన నిలబెట్టలేదు, ‘నాకు ప్రతిజ్ఞే లేదు’ అన్నాడు. ప్రతిజ్ఞ అంటే ఇక్కడ వాదంలో నిలబెట్టదలచిన మాట. మీ తోటి ఉపాధ్యాయుడు అన్నది ప్రతిజ్ఞే కాబట్టి, దాన్ని రుజువు చేసే బాధ్యత ఆయనదే.

పైగా పొగాకు విషయంలో ఆ మాట చేసిన హాని చిన్నది కాదు. 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు ప్రచురించిన పరిశోధన నుంచి 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి) నివేదిక దాకా ఆధారాలు పోగవుతూనే ఉన్నాయి. సిగరెట్ కంపెనీలు మాత్రం ‘ఇంకా రుజువు కాలేదు’ అనే మాట పట్టుకుని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాయి. ఎంత ఆధారం చూపించినా ఇంకొంచెం కావాలంటే సరిపోతుంది. ‘సందేహమే మన సరుకు’ అని 1969లో ఒక అమెరికన్ కంపెనీ లోపలి కాగితంలో రాసుకున్నారు కూడా.

కాబట్టి ‘రుజువైంది’ ఉంచండి. మీ వాక్యంలో దిద్దాల్సింది ‘వస్తుంది’. పొగ తాగే ప్రతి ఒక్కరికీ ఆ జబ్బు రాదు. బీడీలు కాలుస్తూ తొంభై ఏళ్లు బతికిన తాతను చూపించి ఎవరైనా మీ మాట కొట్టిపారేయగలరు. ‘పొగ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు ఎక్కువని రుజువైంది’ అంటే ఆ తాత ఉన్నా వాక్యం నిలబడుతుంది. ‘శాస్త్రీయంగా’ తీసేసి, ఆ చోట ఎవరి పరిశోధనో, ఏ సంవత్సరమో రాయండి.